వేడిని ఆపే ముగ్గు

ఆ రోజు సీతమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం మూడింటి నుంచి ఒక గంటసేపు తమ వీధిలో కరెంటు పోకుండా చూడాలి. అంతే.

మే నెలలో కంకిపాడులో అది ఎంత పనో అక్కడివాళ్ళకి చెప్పనక్కర్లేదు. వీధి మొదట్లో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ పాతది. ఇళ్ళు పెరిగాయి, ఇళ్ళకంటే వేగంగా ఏసీలు పెరిగాయి, ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం పెరగలేదు. భోజనాలయ్యాక జనం తలుపులు బిగించుకుని ఏసీలు వేసుకోగానే స్తంభం మీద ఫట్‌మని ఒక చప్పుడు వినిపిస్తుంది. ఆ తర్వాత లైన్‌మాన్ ఎలీషా తీరిగ్గా బండేసుకుని వచ్చి ఫ్యూజు వేసేదాకా వీధంతా గుమ్మాల్లో కూర్చుని విసురుకుంటూ ఉంటుంది.

సీతమ్మకి ఆ గంట కరెంటు ఎందుకు కావలసి వచ్చిందంటే, కోడలు సుస్మితకి అప్పుడే పరీక్ష. హనుమాన్ జంక్షన్ దగ్గర కోడిగుడ్లను పెద్ద పెద్ద మెషిన్లలో పొదిగించి పిల్లల్ని తీసే కంపెనీ ఒకటి ఉంది. అందులో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్ ఉద్యోగం. పరీక్ష ఇంట్లోనే, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని రాయాలి. అడిగేవాడు అవతల కెమెరాలోంచి చూస్తూనే ఉంటాడు. గదిలో ఇంకో మనిషి ఉండకూడదు, చేతిలో ఫోను ఉండకూడదు. ల్యాప్‌టాప్ బ్యాటరీ చచ్చిపోయి చాలా కాలమైంది కాబట్టి కరెంటు పోతే పరీక్షా పోయినట్టే.

అంతకు ముందు సుస్మిత రెండు కంపెనీలకి వెళ్ళి రెండుచోట్లా ఒకే దగ్గర దెబ్బ తింది. కరెంటు డ్రాయింగులో స్విచ్చిల గుర్తులుంటాయి. బంతి వేలాడుతుంటే నీటిమట్టానికి పనిచేసే స్విచ్చి, గొడుగులా ఉంటే ప్రెషర్‌కి, చిన్న జెండా ఉంటే పైపులో పారే నీటికి, మెట్లమెట్లుగా వంకర గీత ఉంటే వేడికి. ఇంతవరకు నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. కానీ ఆ వేడి స్విచ్చిలోనే రెండు రకాలున్నాయి. మామూలుగా విడిపోయి ఉండి వేడెక్కితే కలిసేది ఒకటి, మామూలుగా కలిసి ఉండి వేడెక్కితే విడిపోయేది ఒకటి. ఎదురుగా ఎవరైనా కూర్చుని ప్రశ్న అడిగితే చాలు, ఆ అమ్మాయి బుర్రలో ఆ రెండూ తారుమారవుతాయి.

"ఇది కూడా పోతే ఇంక నా వల్ల కాదత్తయ్యా. హాయిగా ఇంట్లోనే ఉండి వంట చేసుకుంటా," అంది ముందురోజు సాయంత్రం.

వంట అన్న మాట దగ్గరే సీతమ్మకి భయం పట్టుకుంది. కోడలంటే ఆమెకి ప్రేమే, అందులో సందేహం లేదు. కానీ పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచి సుస్మిత వంటింట్లో ఒక్కొక్కటే మారుస్తూ వచ్చింది. ముందు పోపుల పెట్టె పోయి వరుసగా గాజు సీసాలు వచ్చాయి. తర్వాత కవ్వం అటకెక్కింది. చివరికి ముప్పయ్యేళ్ళుగా పొయ్యికి ఎడమపక్కన ఉన్న ఉప్పు డబ్బా కుడిపక్కకి వెళ్ళింది. ఇప్పటికీ సీతమ్మ చెయ్యి ఎడమపక్కకి వెళ్ళి ఖాళీ గట్టు తడుముకుని వస్తోంది. కోడలికి ఉద్యోగం వస్తేనే వంటిల్లు మళ్ళీ తనది అవుతుంది. రాకపోతే ఆ ఉప్పు డబ్బా శాశ్వతంగా కుడిపక్కనే.

అందుకే ఆ సాయంత్రమే వీధి చివర మాణిక్యం గారింటికి వెళ్ళి రేపొక్క గంట ఏసీలు ఆపమని అడిగింది. మాణిక్యం ఇంట్లో నాలుగు ఏసీలు. అందులో ఒకటి కుక్కకి. బిల్లు మేమే కడుతున్నాం కదండీ పిన్నిగారూ అని మాణిక్యం మర్యాదగానే తలుపేసింది. మిగతా ఇళ్ళవాళ్ళు, మాణిక్యం గారు ఆపితే మేమూ ఆపుతామన్నారు. పథకం అక్కడితో ఆగిపోయింది.

పరీక్ష రోజు తెల్లవారుతూనే సుస్మిత కళ్ళాపి చల్లి, ఇవాళ ముగ్గు తను వేస్తానంది. కొడుకు చక్రి ఉయ్యూరులో డ్యూటీకి బయల్దేరుతూ ఆ మాట విని, బండి స్టార్టు చేయడం కూడా మర్చిపోయి చూశాడు. ముగ్గు గిన్నె ముట్టుకోని మనిషి ఇవాళేంటి అని సీతమ్మకీ ఆశ్చర్యమే. అయినా పరీక్ష రోజు భక్తి పుట్టింది కాబోలనుకుని ఊరుకుంది.

అది భక్తి కాదు. చదివితే గుర్తుండనిది గీస్తే చేతికి పడుతుందని సుస్మిత ఆలోచన. గేటు ముందు గుండ్రంగా ఎనిమిది బొమ్మలు వేసి, తృప్తిగా చూసుకుని, స్నానానికి వెళ్ళిపోయింది.

సీతమ్మ కాఫీ గ్లాసుతో బయటికొచ్చి ముగ్గు చూసింది. ప్రతి బొమ్మలోనూ రెండు చుక్కలు. మొదటి చుక్క నుంచి రెండో చుక్క వైపు ఒక గీత. ఆ గీత నడుము నుంచి కిందికి మెట్లమెట్లుగా ఒక వంకర. చూడ్డానికి కొత్తగా, బాగానే ఉంది. కానీ నాలుగు బొమ్మల్లో గీత రెండో చుక్కకి అందనే లేదు. కిందికి వాలిపోయి, మధ్యలో ఖాళీ వదిలేసి, చుక్కని ఒంటరిగా నిలబెట్టింది.

ముగ్గులో ఒంటి చుక్క. సీతమ్మ చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ ఒక్క చుక్క వదిలేసినందుకు మొత్తం ముగ్గు చెరిపించి మళ్ళీ వేయించింది. వదిలేసిన సందులోంచి లక్ష్మి బయటికి పోతుందని ఆవిడ నమ్మకం. అందులోనూ ఇవాళ పరీక్ష. పాపం తొందరలో మర్చిపోయిందనుకుంది సీతమ్మ. పిండి తీసి, నాలుగు గీతల్నీ చక్కగా పైకెత్తి, నాలుగు చుక్కల్నీ కలిపేసింది. కోడలికి తెలియకుండా సాయం చేసిన తృప్తితో మిగిలిన కాఫీ తాగింది.

"ఏంటక్కా అవి, పాములా మెట్లా?"

ఎదురింటి జమాల్ బీ. బట్టలు కుడుతుంది. మిషను కిటికీ పక్కనే ఉంటుంది కాబట్టి వీధిలో ఏ గుమ్మం ముందు ఏం జరిగినా మొదట ఆమె కళ్ళలోనే పడుతుంది. తను ముగ్గు వెయ్యదు కాబట్టి అందరి ముగ్గుల మీదా తీర్పు చెప్పే హక్కు ఆమెకే ఉందని వీధి ఒప్పుకుని చాలా కాలమైంది. ఇరవయ్యేళ్ళుగా సీతమ్మ ఏ ముగ్గు వేసినా జమాల్ బీ పేరడగడం, సీతమ్మ చెప్పడం. తెలియదన్న మాట ఆ ఇరవయ్యేళ్ళలో ఒక్కసారీ రాలేదు.

"ఉండు, పాలు పొంగుతున్నట్టున్నాయి," అని సీతమ్మ లోపలికి పరుగెత్తింది. తల తుడుచుకుంటున్న కోడల్ని అదేం ముగ్గని అడిగింది.

"వేడికి సంబంధించిందత్తయ్యా. వేడి పెరిగితే దానంతట అదే ఆపేస్తుంది. ఇంకో రకం ఉంది, అదైతే..." అంటూ సుస్మిత చెప్పబోయింది. కావలసింది దొరికాక సీతమ్మ ఇంకో రకం కోసం ఆగలేదు.

"వేడిని ఆపే ముగ్గు," అని గేటు దగ్గర ప్రకటించింది. "పెరిగిందంటే దానంతట అదే ఆపేసుద్ది."

జమాల్ బీ ఎనిమిది బొమ్మల్నీ మరోసారి చూసింది. పైన ఎండ అప్పటికే కత్తిలా ఉంది.

"ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావక్కా దీన్ని?"

"అన్నీ అన్నివేళలా బయట పెడతామా?" అంది సీతమ్మ. చిన్న అబద్ధమే. దాని వల్ల ఎవరికీ ఏ నష్టమూ ఉండదనుకుంది.

జమాల్ బీ దగ్గరికి జాకెట్లు తీసుకోవడానికొచ్చినవాళ్ళందరూ ఆ ముగ్గు సంగతి కూడా తీసుకుపోయారు. టిఫిన్లు అయ్యేసరికి అవతల వీధివాళ్ళు కూడా వచ్చి చూసి, సెల్‌ఫోన్లలో ఫోటోలు తీసుకుని వెళ్ళారు. సీతమ్మ గేటు పట్టుకుని నిలబడి, ఏ బొమ్మ తర్వాత ఏ బొమ్మ వెయ్యాలో, వంకర గీతకి ఎన్ని మెట్లుండాలో చెబుతూ వచ్చింది. ఒక్కొక్కరికీ చెబుతున్న కొద్దీ ఆమెకే నమ్మకం కుదరసాగింది.

అప్పుడు వచ్చింది మాణిక్యం. నిన్న తలుపేసిన మాణిక్యం, గొడుగు వేసుకుని, స్వయంగా.

"పిన్నిగారూ, మా ఆయనకి ఏసీ పడ్డం లేదండీ. ఒకటే తుమ్ములు. ఈ ముగ్గేదో మాకూ చెప్దురూ."

సీతమ్మ బుర్రలో దీపం వెలిగింది. ఆగిపోయిన పథకం లేచి నిలబడింది. మామూలు మనిషైతే అక్కడ బతిమాలుకునేది. సీతమ్మ ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించింది.

"చెప్తా గానీ, నువ్వు పాటించలేవులే మాణిక్యం."

"ఎందుకు పాటించనండీ?"

"ఏసీకీ దీనికీ పడదు. ఇంట్లో ఒక్క ఏసీ తిరుగుతున్నా ముగ్గు పట్టదు. భోజనాలయ్యాక అన్నీ ఆపేసి, తలుపులు తీసి, సాయంత్రం నాలుగు దాటేదాకా ఓపిక పట్టాలి. ఒక్క నీ ఇంట్లోనే కాదు, వీధిలో ఎవరు వేసినా అందరికీ చెడుద్ది."

మాణిక్యం మొహం బిగుసుకుంది. ఆమె చేయలేనిదంటూ ఒకటి ఉందని ఆ వీధిలో అంతవరకు ఎవరూ అనలేదు. గొడుగు మూసి, ముగ్గు గిన్నె ఎక్కడుందో కూడా తెలియక పనిమనిషి కోసం కేకేస్తూ ఇంటికి వెళ్ళింది. గంటలో ఆమె వాకిట్లో ఎనిమిది బొమ్మలు రంగుల్లో వెలిశాయి. మధ్యలో ఒక నెమలి అదనం. మాణిక్యం ఏసీలు ఆపుతోందని తెలియగానే మిగతా ఇళ్ళన్నీ దారికొచ్చాయి. సీతమ్మ కొంగు బిగించి వీధి ఈ చివర నుంచి ఆ చివరదాకా తనిఖీకి బయల్దేరింది. ఎక్కడా ఒంటి చుక్క లేదు. అందరూ బుద్ధిగా కలిపేశారు.

మధ్యాహ్నమైంది. ఏసీలు ఆగాయి. తలుపులు తెరుచుకున్నాయి. వడగాలి ఇళ్ళలోకి నేరుగా నడిచొచ్చింది.

జనం గుమ్మాల్లోకి వచ్చి విసనకర్రలు అందుకున్నారు. తర్వాత మాణిక్యం తన వరండాలోంచి, నుదురు తుడుచుకుంటూనే, కొంచెం తేడా తెలుస్తోందండీ అని నలుగురికీ వినిపించేలా అంది. నెమలి కూడా వేసిన మనిషి మరి. ఆమె అలా అన్నాక తమ ముగ్గు పనిచేయడం లేదని ఒప్పుకోవడానికి ఇంకెవరికీ నోరు రాలేదు. ఒప్పుకుంటే తప్పు ముగ్గుదా, వేసినవాళ్ళదా అన్న ప్రశ్న వస్తుంది. ఒక్కో గుమ్మం నుంచీ అవునవును, చల్లబడిందన్న మాట వినిపించింది. చెమటలు కారుతూనే ఉన్నాయి.

మూడైంది. ముందుగదిలో సుస్మిత ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. తెర మీద కళ్ళజోడుతో ఒక పెద్దాయన కనిపించాడు. పేరు జాన్ పాల్. కంపెనీలో పెద్ద ఇంజనీరు. మనిషి నవ్వే రకం కాదు. ఫోను బయట పెట్టమన్నాడు. సుస్మిత ఇస్తే సీతమ్మ తీసుకెళ్ళి వంటింట్లో ఉప్పు డబ్బా వెనక పెట్టింది. వస్తూ వస్తూ, కోడలికి ఉక్కపోయకూడదని అదే గదిలో వెనక కిటికీ దగ్గరున్న కూలర్‌లో రెండు బిందెల నీళ్ళు పోసి ఆన్ చేసింది. కూలర్ ఏసీ కిందికి రాదని తనకి తనే చెప్పుకుంది. తర్వాత గేటు దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది.

ఫ్యాను తిరుగుతోంది. స్తంభం మీద చప్పుడు లేదు. రాత పరీక్ష అయిపోయింది. లోపల్నుంచి జాన్ పాల్ గొంతు, నోటితో చెప్పాల్సిన ప్రశ్నలు మొదలుపెట్టడం వినిపించింది. పథకం పారింది.

సరిగ్గా అప్పుడే మాణిక్యం గేటు దగ్గరికి వచ్చింది. పట్టుచీర తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. ముగ్గు గురించి ఒక చిన్న సందేహమంది. సీతమ్మ లేచి అడ్డం నిలబడే లోపే, తెరిచిన తలుపులోంచి కూలర్ గాలి చల్లగా వచ్చి మాణిక్యం మొహానికి తగిలింది.

మాణిక్యం కళ్ళు మూసుకుంది. తెరిచింది. వెనక్కి తిరిగి వీధివైపు చూసి, "ఒసే, ఇక్కడ నిజంగానే పనిచేస్తోందే," అంది.

ఆ నిజంగానే అన్న మాటతో వీధి పరువు పోయింది. కానీ పరువు గురించి ఆలోచించే ఓపిక ఎవరికీ లేదు. అసలు ముగ్గు సీతమ్మ ఇంట్లోనే ఉంది, మనకి నకలు అంటగట్టింది అనుకుంటూ ఆడవాళ్ళందరూ వచ్చేశారు. పరీక్ష అవుతోంది, లోపలికి వెళ్ళకూడదని సీతమ్మ గుసగుసగా చేతులడ్డం పెట్టింది. వాళ్ళూ గుసగుసగానే సరేనని, చెప్పులు చప్పుడు కాకుండా విప్పి, లోపలికెళ్ళి కూలర్ గాలి తగిలే చోటల్లా కూర్చున్నారు. ఆఖర్న జమాల్ బీ వచ్చింది. ఆమె వాకిట్లో ముగ్గు లేదు. చల్లదనం అందరిదీ కదా అంది.

కూలర్ గాలి తగిలే చోటల్లా అంటే సుస్మిత వీపు వెనక.

జాన్ పాల్ తెర మీద ఒక బొమ్మ చూపించాడు. రెండు చుక్కలు, కిందికి వాలిన గీత, మెట్ల వంకర. సుస్మిత నోరు తెరిచింది. ఎదురుగా మనిషి, ప్రశ్న. బుర్రలో రెండు స్విచ్చిలూ కలబడ్డాయి. నోరు అలాగే ఉండిపోయింది.

"మన ముగ్గే," అంది మాణిక్యం, వెనకనుంచి, సంబరంగా.

"వేడిది," అంది ఇంకో గొంతు.

"వేడి పెరిగితే దానంతట అదే ఆపేసుద్ది," అని నలుగురైదుగురు ఒక్కసారిగా అప్పజెప్పారు.

జాన్ పాల్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "ఏంటమ్మా ఇది? కాపీ అంటే పక్కన ఒకళ్ళు కూర్చుని చెప్పడం చూశాను. వీధి వీధంతా కూర్చుని చెప్పడం ఇదే చూడ్డం."

సుస్మిత వెనక్కి తిరిగి చూసింది. సార్, వీళ్ళు, నేను అని ఏదో అనబోయింది. ఇలాగైతే పరీక్ష రద్దు చేయక తప్పదని జాన్ పాల్ అంటూనే ఉన్నాడు. మధ్యలో జమాల్ బీ మోకాళ్ళ మీద ముందుకు జరిగి, తెర మీద వేలు పెట్టింది. తప్పున్న ముగ్గు కళ్ళబడితే ఊరుకునే అలవాటు ఆమెకి లేదు.

"అయ్యా, మీది తప్పండీ. గీత కలవలేదు. ఈ చుక్క ఒంటరిగా ఉండిపోయింది."

"అవును బాబూ," అంది గుమ్మంలోంచి సీతమ్మ. కోడలి పరీక్ష కళ్ళముందు పోతుంటే ఏదో ఒకటి చెప్పి సర్దాలన్న ఆత్రం. "చుక్క వదలకూడదు. మా అమ్మాయి కూడా పొద్దున తొందరలో నాలుగు వదిలేస్తే నేనే కలిపాను. దాన్నేం అనకండి."

సుస్మిత నెమ్మదిగా అత్తగారి వైపు తిరిగింది.

"ఏం చేశారూ?"

"కలిపానే. నాలుగూ."

"నాలుగూ కలిపేశారా?" సుస్మిత కుర్చీలోంచి లేచింది. పరీక్షా, కెమెరా, జాన్ పాల్, ఏదీ ఆమెకి గుర్తులేదు. "అవి కలవకూడదత్తయ్యా. విడిగానే ఉండాలి. గుడ్ల మెషిన్లో చల్లబరిచే ఫ్యాను ఉంటుంది. దానికి పెట్టే స్విచ్చి అది. వేడి పెరిగినప్పుడు ఆ గీత పైకి లేచి చుక్కని కలుస్తుంది, అప్పుడు ఫ్యాను తిరుగుతుంది. మీరు ముందే కలిపేస్తే ఏమవుతుంది? గుడ్లు చల్లగా ఉన్నంతసేపు ఫ్యాను తిరిగి, తీరా వేడెక్కాక ఆగిపోతుంది. మెషిన్లో గుడ్లన్నీ ఉడికిపోతాయి. పిల్లలు కాదు, ఎగ్ పఫ్‌లోకి పనికొస్తాయి."

సీతమ్మకి కోపం వచ్చింది. పదిమంది ముందు ముగ్గు గురించి తనకి పాఠం చెప్పినవాళ్ళు లేరు. "మరి మిగతా నాలుగూ నువ్వే కలిపావుగా? అవి కలవచ్చు, ఇవి కలవకూడదా? అదేం న్యాయం?"

"అవి హీటర్‌వి. హీటర్ మామూలుగా వెలుగుతూ ఉండాలి, కాబట్టి కలిసే ఉంటాయి. వేడి చాలనగానే విడిపోయి హీటర్ ఆపేస్తాయి."

"రెండింటికీ కింద మెట్లు ఒకటేగా? ఎట్లా తెలుసుద్ది?"

"మెట్లని బట్టి వేడిదని తెలుస్తుంది. గీతని బట్టి ఎటు పనిచేస్తుందో తెలుస్తుంది. బొమ్మలో ఉన్నది చల్లగా ఉన్నప్పటి సంగతి. వేడెక్కితే దానికి సరిగ్గా ఎదురు జరుగుతుంది. అంతే, దీనికింత గొడవేంటి?"

అని, తను చివర అన్న మాట తనకే వినిపించి, సుస్మిత ఆగిపోయింది. దీనికింత గొడవేంటి. రెండు కంపెనీల్లో నోరు పెగలని ప్రశ్న.

తెర మీద జాన్ పాల్ కదలకుండా వింటున్నాడు. చేతిలో పెన్ను ఉంది గానీ రాయడం లేదు.

"మరి మా ఇంటికి ఏది వెయ్యాలమ్మా? కలిసిందా, విడిందా?" అని అడిగింది మాణిక్యం.

"ఏదేస్తే ఏంటండీ? అది స్విచ్చి బొమ్మ. బొమ్మ వేడినెలా ఆపుతుంది? ఇక్కడ చల్లగా ఉంది కూలర్ వల్ల."

అందరి కళ్ళూ ముందు కూలర్ మీదికీ, తర్వాత సీతమ్మ మీదికీ తిరిగాయి. మాణిక్యం లేచింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. గుమ్మం దాటింది. ఆమె వెనకే మిగతావాళ్ళూ బిలబిలమంటూ లేచారు.

ఆ నడకల్లో వేగం చూడగానే సీతమ్మకి రాబోయేది అర్థమైంది. మాణిక్యం ఇంట్లో నాలుగు. మిగతా ఇళ్ళలో ఒక్కొక్కటీ, రెండేసీ. అన్నీ మధ్యాహ్నం నుంచీ కడుపు మాడ్చుకుని ఉన్నాయి. గేటు దాకా పరుగెత్తి, ఒక్క పావుగంట ఆగమని వేడుకుంది.

"ఆపడం ఆ ముగ్గు చేత చేయించండి పిన్నిగారూ," అంది మాణిక్యం, వెనక్కి తిరక్కుండానే.

లోపల జాన్ పాల్ గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా సుస్మితా, ఇంతవరకు ఇలాంటి ఇంటర్వ్యూ నేను చేయలేదు. అందుకని నీ విషయంలో నేనొక నిర్ణయానికి..."

స్తంభం మీద ఫట్‌మంది.

తెర నల్లబడింది. ఫ్యాను రెండు చుట్లు సోమరిగా తిరిగి ఆగింది. కూలర్ గుటకలేసి మూగబోయింది. సుస్మిత నల్లటి తెరలో తన మొహమే చూసుకుంటూ కూర్చుంది. సీతమ్మ వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఏం నిర్ణయం? రద్దు చేశానని చెప్పడానికి అంత గొంతు సవరించుకోవాలా? చెయ్యలేదని చెప్పడానికైతే అంత గంభీరమైన గొంతేంటి? ఎలా చూసినా నేరం తనదే. నాలుగు చుక్కలు కలిపింది. అబద్ధం చెప్పింది. కూలర్ వేసింది. జనాన్ని పోగేసింది. ఇంత కష్టపడి కోడలి ఉద్యోగం పోగొట్టిన అత్తగారు ఈ జిల్లాలో ఇంకొకళ్ళు ఉండరనిపించింది.

"నాకు ముగ్గు పేరు తెలియదని జమాల్ బీకి చెప్పలేకపోయానే," అంది. ఇరవయ్యేళ్ళ తర్వాత మొదటిసారి ఆ మాట నోట్లోంచి వచ్చింది.

సుస్మిత పెదవులు వణికాయి. ఏడుపనుకుని సీతమ్మ దగ్గరికి వెళితే, అది నవ్వు. "నెమలి కూడా వేసిందత్తయ్యా ఆవిడ," అంది అతికష్టం మీద.

అప్పుడు వంటింట్లో ఫోను మోగింది. ఇద్దరూ లేచి పరుగెత్తారు. ఉప్పు డబ్బా వెనక పెట్టానని సీతమ్మకి తెలుసు. తెలిసినా ఆమె చెయ్యి ముప్పయ్యేళ్ళ అలవాటుతో ఎడమపక్కకే వెళ్ళి ఖాళీ గట్టు తడిమింది. సుస్మిత కుడిపక్క నుంచి ఫోను అందుకుని స్పీకర్ పెట్టింది.

జాన్ పాలే. కరెంటు పోయిందనుకుంటాను అన్నాడు. నిబంధన ప్రకారం పరీక్ష రద్దు చేయాల్సిందే, అందులో అనుమానం లేదు. కానీ వెనక కూర్చున్నవాళ్ళు చెప్పిన జవాబు తప్పు, సుస్మిత చెప్పింది ఒప్పు, కాబట్టి కాపీ కొట్టిందని రాయడానికి తనకి వీలు కావడం లేదు. పైగా తాను అడగాలనుకున్న ప్రశ్నలన్నీ ఆ పెద్దావిడే అడిగేశారు, తనకంటే గట్టిగా అడిగారు.

"ఒకటో తారీకున వచ్చి చేరమ్మా. ఆ పెద్దావిడ మాత్రం మా మెషిన్ల దగ్గరికి రాకుండా చూసుకో," అని ఫోను పెట్టేశాడు.

సీతమ్మ కోడల్ని గట్టిగా పట్టుకుంది. ఆ పట్టులో ప్రేమ ఉంది, ఉపశమనం ఉంది. కోడలి భుజం మీదుగా ఆమె కళ్ళు ఉప్పు డబ్బాని కూడా చూశాయి. రేపు కాదు, ఇవాళే ఎడమపక్కకి మార్చేయచ్చు.

"డ్యూటీ ఎప్పటి నుంచి ఎప్పటిదాకానే?" అని అడిగింది, చాలా మామూలుగా.

"మధ్యాహ్నం రెండింటికి వెళితే రాత్రి పదింటిదాకా అత్తయ్యా. పొద్దుట వంటంతా నేనే చేసేసి వెళతాను. మీకేం ఇబ్బంది ఉండదు."

మర్నాడు పొద్దున ముగ్గు సీతమ్మే వేసింది. వీధిలో ఎవరూ పేరడగలేదు. మాణిక్యం వాకిట్లో ఒక్క నెమలి మాత్రం మిగిలింది. జమాల్ బీ కిటికీలోంచి చాలాసేపు చూసి, చివరికి ఉండబట్టలేక, ఒక చుక్క కలపకుండా వదిలేశావేంటక్కా అంది.

వంటింట్లోంచి గాజు సీసాల చప్పుడు వినిపిస్తోంది. సీతమ్మ ముగ్గు గిన్నె ఎత్తుకుని లేచింది.

"అది నేను కలపనక్కర్లేదు. కాస్త వేడెక్కితే అదే కలుసుద్ది," అంది.

ఉప్పు డబ్బా కుడిపక్కనే ఉంది.